సైకిల్‌తో కొలిచిన దూరం

నా ముప్పై నాలుగేళ్ల గుమాస్తా ఉద్యోగంలో నేను రాసిన నోట్‌లలో ఒకే ఒక్కదాని మీద పై అధికారి ఎర్ర సిరాతో "భేష్" అని రాశాడు. ఆ నోటే కొంప ముంచింది. నా కొంప మునిగినా ఫరవాలేదు, అప్పటికి నాకున్నది ఒక అద్దె గది, ఒక సైకిలు, ఒక ఇనపపెట్టె. మునిగింది ఇంకొకరిది. అందుకే ఇన్నేళ్లయినా ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నవ్వు మొదలై మధ్యలో ఆగిపోతుంది.

ఈ కాలం పిల్లలకు హోటల్ ఎంపిక చేయడం కూడా ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది. ఫోను తీస్తారు, గది బొమ్మ చూస్తారు, ఎక్కడికి ఎంత దూరమో అదే చెబుతుంది, పడుకుని బుక్ చేసేస్తారు. అరవైల చివర్లో నేను ఒక హోటల్‌ను ఎంపిక చేయడానికి మూడు రోజులు సైకిల్ తొక్కాను. ఆ మూడు రోజులూ నేనేదో రాకెట్ ప్రయోగం చేస్తున్నంత గంభీరంగా ఉన్నాను. ఆ గాంభీర్యం చూసినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. అది కొంత అదృష్టమే.

నేనప్పుడు తార్నాక పక్కన విశ్వవిద్యాలయంలో పరిపాలన ఆఫీసులో చిన్న గుమాస్తాను. వయసు ఇరవై నాలుగు. మాది భువనగిరి వైపు వ్యవసాయ కుటుంబం. ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే కాబట్టి నాకు అన్నీ తెలుసునని మా ఇంట్లో అనుకునేవారు. వాళ్లతో పాటు నేనూ అనుకునేవాణ్ణి. సీతాఫల్‌మండిలో గది. పొద్దున టిఫిన్ తిని సైకిల్ ఎక్కితే రైలు గేటు దాటి, క్యాంపస్ చెట్ల కింద నుంచి ఆఫీసు చేరేవాణ్ణి.

ఆ గేటు గురించి ముందే చెప్పాలి. అది పడి ఉన్నా, లేచి ఉన్నా మాకు తేడా లేదు. సైకిల్‌ను ఒక పక్కకు వంచి, తల దించి, అడ్డకర్ర కింద నుంచి దూరి, పట్టాలు దాటి, అవతలి అడ్డకర్ర కింద నుంచి మళ్లీ దూరడం సీతాఫల్‌మండిలో కాపురం పెట్టినవాడికి మొదటి వారంలోనే అలవాటవుతుంది. ఆఫీసు సంచి హ్యాండిల్‌కు ఎటువైపు తగిలించుకుంటే చిక్కుకోదో కూడా తెలిసిపోతుంది. గేట్‌మన్ తిట్టేవాడు. వాడు తిట్టని రోజున వాడి ఒంట్లో బాగాలేదేమోనని అడిగేవాళ్లం. మీరు మాత్రం అలా దూరకండి. బుద్ధిలేని పని అది.

ఇక మునిగిన కొంప ఎవరిదో చెబుతాను. వృక్షశాస్త్రంలో ఒక లెక్చరర్ ఉండేవారు. గుడివాడ వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం. అందరం మేడమ్ అనేవాళ్లం. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ భుజానికి ఒక కాన్వాస్ సంచితో ఉండేవారు. క్యాంపస్‌లో తార్నాక వైపు చివర ఆమెకు ఒక రేకుల షెడ్డు ఇచ్చారు. ఎప్పుడో ఎవరో సామాన్లు పెట్టుకోవడానికి వేసిన షెడ్డు. అందులో వరసగా బీరువాలు, బీరువాల నిండా కట్టలు కట్టిన అట్టకాగితాలు. ఒక్కో కాగితం మీద ఒక ఎండిన మొక్క, వేరుతో సహా అదిమి అతికించి ఉండేది. కింద మూలన చిన్న చీటీ. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు, విశేషాలు. దాన్ని హెర్బేరియం అంటారని నాకు ఆమె చెబితేనే తెలిసింది. ఆ మొక్క ఉన్న అడివి రేపు లేకపోయినా, అక్కడ ఒకప్పుడు అది ఉండేదని చెప్పే సాక్ష్యం ఆ కాగితం ఒక్కటే.

ఆ షెడ్డు కురిసేది. మామూలుగా కురవడం కాదు, లోపల గొడుగు వేసుకోవాల్సినంత. మేడమ్ రేకుల మీద టార్పాలిన్లు కప్పించి, వాటి మీద రాళ్లు పెట్టించి, వానాకాలం అంతా కట్టలను ఈ బీరువాలోంచి ఆ బీరువాలోకి మారుస్తూ గడిపేవారు. మంచి భవనం కావాలంటే ఢిల్లీ నుంచి వచ్చే పరిశీలన సంఘం చూసి సిఫారసు చేయాలి. ఆ సంఘం ఐదేళ్లకొకసారి వస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు షెడ్డు దాకా రాలేదు. భోజనం ఎక్కువసేపు సాగింది, రైలు టైమైంది, వెళ్లిపోయారు.

"ఇంకో ఐదు వానాకాలాలు ఈ కాగితాలు ఓర్చుకోలేవండీ," అన్నారు మేడమ్ నాతో ఒకసారి. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ ఏడు సంఘం మళ్లీ వస్తున్నదని ఉత్తరం వచ్చింది. ఇద్దరు సభ్యులు. పెద్దాయన చరిత్ర పండితుడు, డెబ్బై దాటినవాడు. రెండో ఆయన ఇంజనీరింగ్ మనిషి. మా అతిథిగృహం అప్పుడు మరమ్మతులో ఉంది. పెద్దాయన ఉత్తరంలో రెండు కోరికలు రాశాడు. ఒకటి, కొత్త హోటళ్లలో తనకు నిద్ర పట్టదు, మీ రాజధానికి వస్తున్నాను కాబట్టి ఏదైనా చరిత్ర ఉన్న పాత భవనంలో బస చూడండి. రెండు, అది విశ్వవిద్యాలయానికి అనువైన చోట ఉండాలి, ప్రయాణాల్లో సమయం వృథా కాకూడదు. ఆ ఉత్తరం ఏడు టేబుళ్లు తిరిగి నా టేబుల్ మీద పడింది. నా కింద టేబుల్ లేదు కాబట్టి అక్కడే ఆగింది.

మా ఆఫీసులో ఏ నిర్ణయమైనా తార్నాక చౌరస్తాలోని ఇరానీ హోటల్‌లో చాయ్ ముందు జరిగేది. ఆఫీసులో జరిగేది దాని మీద సంతకం మాత్రమే. ఆ సాయంత్రం మా హెడ్ క్లర్కు సాసర్‌లో చాయ్ పోసుకుంటూ విచారణ మొదలుపెట్టాడు. ఆయనది గోల్నాక. అక్కడి నుంచి బస్సులో వచ్చేవాడు. గోల్నాక దాటిన ప్రపంచం మీద ఆయనకు గట్టి అభిప్రాయాలుండేవి.

"ఏంది తమ్మీ, మొఖం గట్ల పెట్టినవ్?"

"హోటల్ చూడాలె సార్. పాతది ఉండాలె, దగ్గర ఉండాలె."

"గింతేనా? స్టేషన్ పక్కన చూడు. బండి దిగంగనే మంచం కనబడాలె. ముసలాయనకు గదే చరిత్ర."

మా టైపిస్టు రాజమండ్రి మనిషి. ఆయన తలెత్తకుండానే, "మంచి కాఫీ దొరకని చోట ఎంత చరిత్ర ఉంటే ఏం లాభమండీ," అన్నాడు. ఇంకొకరు ఆబిడ్స్ అన్నారు, సాయంత్రం బజారు చూడొచ్చని. ఎవరి మనసుకు ఏది దగ్గరో ఆ చోటే నగరానికి నడిబొడ్డు అని అందరూ వాదించారు. నేను మాత్రం వాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకున్నాను. ఇలాంటివి అభిప్రాయాలతో తేలవని, కొలవాలని నాకు తెలుసు. చెప్పాను కదా, ఇంట్లో మొదటి డిగ్రీ నాదే.

మర్నాడు గోడ మీది నగర పటం దగ్గర దారం పట్టుకుని నిలబడ్డాను. చరిత్ర ఉన్న హోటళ్లు రెండు తేలాయి. ఒకటి ఆబిడ్స్ వైపు, ఒకటి సికింద్రాబాద్‌లో. దారం సికింద్రాబాద్ వైపే మొగ్గింది. అయినా దారాన్ని నమ్మకుండా సైకిల్ తీశాను. హెడ్ క్లర్కు గారి చేతి గడియారం అరువు తీసుకున్నాను. ఆబిడ్స్ హోటల్ నుంచి మేడమ్ షెడ్డు దాకా ఒకసారి తొక్కాను, ముప్పావు గంట. సికింద్రాబాద్ హోటల్ నుంచి, చిలకలగూడ మీదుగా మా సీతాఫల్‌మండి గేటు దాటి షెడ్డు దాకా, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి తొక్కాను. మూడుసార్లూ దాదాపు ఇరవై నిమిషాలే. ఒక్క నిమిషం అటూ ఇటూ. శాస్త్రీయ పద్ధతి అంటే ఇదీ అనుకున్నాను.

ఆ మూడుసార్లలో రెండుసార్లు గేటు పడి ఉంది. అది నాకు గుర్తుకూడా లేదు. తర్వాత తీరిగ్గా కూర్చుని ఏడ్చుకున్నప్పుడు గుర్తొచ్చింది.

సికింద్రాబాద్ హోటల్ నిజంగానే పాతది. దంతాల్లాంటి తెల్లటి స్తంభాలు, ఎత్తైన కప్పులు, ఆ కప్పులకు ఒకప్పుడు లాగే పంకాలు వేలాడదీసిన ఇనప కొక్కేలు, ఎక్కితే మూలిగే చెక్క మెట్లు. మొదట ఎవరో జాగీర్దారు కట్టుకున్న బంగళా, తర్వాత తెల్ల అధికారుల బస, ఆ తర్వాత హోటల్. ముసలి మేనేజరు షేర్వాణీ గుండీలన్నీ పెట్టుకుని నన్ను గదిగదికీ తిప్పాడు.

"గీ కమ్రాల ఒక జనరల్ సాబ్ మూడు నెలలున్నడు జనాబ్," అన్నాడు మొదటి గదిలో.

"మూడు నెలలా? అంత నచ్చిందా?"

"మలేరియా వచ్చె పాపం."

రెండో గదిలో స్నానాల తొట్టి చూపించి అందులో ఒక లాట్ సాహెబ్ స్నానం చేశాడన్నాడు. నేను మళ్లీ రెండోరోజు వెళ్తే అదే తొట్టిలో వేరే లాట్ సాహెబ్ స్నానం చేశాడు. ఆ తొట్టిలో మునగని దొర ఇండియాకు రాలేదని నాకు అర్థమైంది. పెద్దాయన చరిత్ర పండితుడు కదా, ఏది నిజమో ఆయనే తేల్చుకుంటాడని ఊరుకున్నాను.

నోట్ రాశాను. "సైకిల్‌కే ఇరవై నిమిషాలు, కారుకు పది నిమిషాలు మించదు. చారిత్రక కట్టడం. శాంతమైన పరిసరాలు." హెడ్ క్లర్కు చదివి తల పంకించి ఒక్క మాట అడిగాడు.

"మధ్యల రైల్వే గేటు ఉన్నదంటివి గద?"

"గేటుదేమున్నది సార్, నేను రోజూ వస్త. ఒక్కనాడన్న లేటైననా?"

కాలేదు. ఆయన సంతకం పెట్టాడు. ఆపైన సూపరింటెండెంటు, ఆపైన అసిస్టెంట్ రిజిస్ట్రార్, ఆపైన ఇంకా పైవారు పెట్టారు. "భేష్" పడింది. ఒక హోటల్ గురించి ఇన్ని సంతకాలు పడ్డ ఆ ఫైల్‌లో కారు నడపాల్సిన డ్రైవర్ సంతకం లేదు. డ్రైవర్ల సంతకం మన ఫైళ్లలో బండి బయల్దేరిన టైముకు, ఆగిన టైముకు మాత్రమే ఉంటుంది.

ఫైలు చంకలో పెట్టుకుని మేడమ్ దగ్గరికి పోయాను. సంఘం ఉండే రెండు రోజుల్లో రెండో రోజు మధ్యాహ్నం కార్యక్రమంలో షెడ్డు ఒక్కటే పెట్టించానని, సాయంత్రం ఐదున్నర రైలుకు వాళ్లు వెళ్తారని, అప్పటిదాకా సమయమంతా ఆమెదేనని చెప్పాను.

"ఖచ్చితంగా ఎన్నింటికి వస్తారండీ?"

"రెండున్నరకు మీ ముందట ఉంటరు మేడమ్. నాది జిమ్మేదారి."

ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. వెంటనే లెక్కలు వేసుకున్నారు. టార్పాలిన్లు, రాళ్లు, తాళ్లతో షెడ్డు చూడ్డానికి బాగుండదని ఆమె దిగులు. ఇంటికి పెద్దమనిషి వస్తుంటే చిరిగిన దుప్పటి ఎవరు చూపిస్తారన్నారు. రెండింటికి టార్పాలిన్లు తీయించి, వాళ్లు వెళ్లగానే నాలుగున్నరకు మళ్లీ కప్పిస్తానన్నారు. వానాకాలమే అయినా రెండు రోజులుగా ఎండ కాస్తోంది. నేను కూడా, "మంచి ఆలోచన మేడమ్," అన్నాను.

మొదటి రోజు అంతా సాఫీగా జరిగింది. డ్రైవర్ తనంతట తానే మెట్టుగూడ మీదుగా పెద్ద రోడ్డున తీసుకొచ్చాడు, తీసుకెళ్లాడు. పెద్దాయనకు హోటల్ ఎంత నచ్చిందంటే, మేనేజరు చెప్పిన దొరల పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కన ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. గదిలోని పందిరిమంచం మీద పడుకుంటే తన తాత ఇల్లు గుర్తొస్తోందన్నాడు. నా ఎంపికకు నేనే మురిసిపోయాను.

రెండో రోజు ఆ మంచమే మొదటి దెబ్బ కొట్టింది. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన ఒక కునుకు తీస్తానన్నాడు. చరిత్ర ఉన్న మంచం కదా, కునుకు గంటన్నర సాగింది. తలుపు కొట్టడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన లేచి, ముఖం కడుక్కుని, చేతికర్ర తీసుకుని కారెక్కేసరికి సరిగ్గా రెండున్నర. నేను ముందు సీట్లో, ఒళ్లో ఫైలుతో కూర్చున్నాను. డ్రైవర్ కారును మెట్టుగూడ వైపు తిప్పబోయాడు.

"గటు ఎందుకు భాయ్, గేటు తొవ్వల పోనియ్. పది నిమిషాలల్ల పోతం."

"సాబ్, గేటు పడ్డదంటే గాడనే ఇరుక్కుంటం."

"నేను రోజూ గీ తొవ్వనే వస్త. ఎన్నడన్న ఆగిననా?"

డ్రైవర్ నా వైపు ఒకసారి చూశాడు. వెనక సీట్లో ఇద్దరు పెద్దమనుషులున్నారు, వాదన పెట్టుకోలేడు. "మీ ఇష్టం సాబ్," అని తిప్పాడు.

గేటు మా కళ్ల ముందే పడింది. మా కారే మొదటిది. అడ్డకర్ర కారు ముక్కుకు మూరెడు దూరంలో వచ్చి ఆగింది. అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు. అలవాటు కొద్దీ తలుపు తెరిచి దిగబోయాను. ఒక కాలు కింద పెట్టాక, నేను వంచాల్సింది సైకిల్‌ను కాదని బుర్రకెక్కింది. వెనక్కి తిరిగి చూశాను. అప్పటికే మా వెనక ఒక బస్సు, రెండు ఎడ్లబండ్లు, ఒక లారీ చేరాయి. ఇక వెనక్కి పోయే దారి కూడా లేదు.

డ్రైవర్ ఇంజిన్ ఆపి, గుడ్డ తీసి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

"మీరు రోజూ వస్తరు సాబ్," అన్నాడు మెల్లగా. "కారు రాదు గద."

ఒక గూడ్సు బండి వచ్చింది. వెళ్లిపోతుందనుకుంటే ఆగింది. ఆగి, వెనక్కి వెళ్లింది. పెట్టెలు తగిలించుకుంది, మళ్లీ ముందుకొచ్చింది. పెద్దాయన ఎంతసేపని అడిగాడు. ఆయన మాటలన్నీ ఇంగ్లీషులోనే, మీకు నేను తెలుగులో చెబుతున్నాను. ఐదు నిమిషాలన్నాను. పది నిమిషాల తర్వాత మళ్లీ అడిగాడు. మళ్లీ ఐదే అన్నాను. ఆ తర్వాత ఆయన అడగడం మానేశాడు. గడియారం చూడాలంటే నాకు భయం వేసింది. అక్కడ షెడ్డు ముందు మేడమ్ ఇస్త్రీ చీర కట్టుకుని నిలబడి ఉంటారు. పోయినసారి కూడా ఇలాగే నిలబడి ఉంటారు కదా అని అప్పుడు తట్టింది.

పెద్దాయన కారు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. గుంట గట్టున ఊదారంగు పూల చిన్న మొక్క ఒకటుంది. దాన్ని కర్రతో చూపించి దాని పేరేమిటన్నాడు.

"గడ్డి సార్," అన్నాను.

"గడ్డికి పేరుండదా? మీ మేడమ్‌కు తెలుస్తుంది కదా. పీకి పట్టుకో. వేరు తెగనివ్వకు."

పీకాను. ఎక్కడ పెట్టాలో తెలియక నా చంకలోని ఫైలు తెరిచి, "భేష్" అన్న కాగితం మీదే పెట్టి మూశాను. ఆ సమయంలోనే ఒకాయన సైకిల్ వంచి గేటు కింద నుంచి దూరాడు. ఆయన వెనక ఇంకొకాయన. పెద్దాయన వాళ్లను శ్రద్ధగా చూశాడు.

"నువ్వు రోజూ ఇలాగే వస్తావా?"

అబద్ధం చెప్పే ఓపిక నాలో మిగల్లేదు. "అవును సార్," అన్నాను.

"అందుకే నీ నోట్‌లో ఇరవై నిమిషాలు," అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

గూడ్సు బండి పోయింది. గేటు లేవలేదు. ఇంకో బండి ఉన్నదట. అది ఇంకా స్టేషన్ దాటలేదని గేట్‌మన్ చెప్పాడు. మూడుంబావు దాటింది. పెద్దాయన కర్ర నా చేతికిచ్చి, ధోవతి కుచ్చెళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, అడ్డకర్ర కింద వంగాడు. రెండో సభ్యుడు భారీ మనిషి. ఆయన అడ్డకర్రను, తన నడుమును మార్చి మార్చి చూసుకుని కారులోనే ఉంటానన్నాడు. గేట్‌మన్ రోజూ నన్ను తిట్టే తిట్టు నోటిదాకా తెచ్చుకుని, ధోవతి పెద్దమనిషిని చూసి మింగేశాడు.

అవతల ఒక రిక్షా దొరికింది. ఆయనను అందులో కూర్చోబెట్టి నేను వెనక పరుగెత్తాను. క్యాంపస్ సగం దాటామో లేదో మబ్బు కమ్మింది. మొదటి చినుకు నా చేతి మీద పడ్డప్పుడు టార్పాలిన్లు గుర్తొచ్చాయి.

మేం చేరేసరికి రేకుల మీద వాన మోత. ఒకరి మాట ఒకరికి వినబడడం లేదు. మేడమ్, ముగ్గురు విద్యార్థులు, ముసలి అటెండరు కలిసి బక్కెట్లు, గొడుగులు, బల్లలు ఏవి దొరికితే వాటితో పరుగులు పెడుతున్నారు. టార్పాలిన్ ఒక మూల పైకి ఎక్కించారు కాని గాలికి నిలవడం లేదు. మేడమ్ ఇస్త్రీ చీర ఒంటికి అంటుకుపోయింది. నన్ను చూడగానే ఆమె అన్న మాట ఈ రోజుకీ చెవిలో ఉంది.

"రెండున్నర అన్నారు కదండీ!"

అంతే. తిట్టలేదు.

పెద్దాయన రిక్షావాడి గొడుగు అడిగి తీసుకుని నేరుగా ఒక బీరువా దగ్గరికి పోయి దాని మీద పట్టుకుని నిలబడ్డాడు. తన మీద వాన కారుతోంది. మేడమ్ ఒక కట్ట విప్పారు. నలభై కాగితాల కట్ట. ఆమె విద్యార్థినిగా ఉన్నప్పుడు నల్లమలలో తిరిగి తొలిసారి సేకరించినవి. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, చీటీల మీద సిరా కారి నీలంగా పరుచుకుంది. విడదీయబోతే మొక్కలు చేతిలో ముద్దగా వచ్చాయి. ఆమె వాటిని చూస్తూ ఏడ్చారు. అందరి ముందరా, ముఖం తిప్పుకోకుండా ఏడ్చారు.

కాసేపటికి పెద్దాయన అడిగాడు. "వానొస్తే ఎప్పుడూ ఇలాగే తడుస్తాయా?"

"లేదు సర్. ఎప్పుడూ టార్పాలిన్లుంటాయి. మీరు వస్తున్నారని తీయించాను."

ఆయన గొడుగు చేయి మార్చి మార్చి పట్టుకున్నాడు. అరగంట తర్వాత మా కారు, అందులో పొడిగా ఉన్న రెండో సభ్యుడితో సహా, మెట్టుగూడ వైపు నుంచి చుట్టు తిరిగి వచ్చింది. వెనక వాళ్లందరినీ బతిమాలి జరిపించుకుని డ్రైవర్ ఎలాగో బయటపడ్డాడట. ఇద్దరూ రైలెక్కి వెళ్లిపోయారు. పెద్దాయన ఏ హామీ ఇవ్వలేదు.

నాలుగు నెలలు నేను మేడమ్‌కు ఎదురుపడకుండా తిరిగాను. తర్వాత ఢిల్లీ కాగితం వచ్చింది. హెర్బేరియానికి పక్కా భవనం మంజూరు. సంఘం నివేదికలో పెద్దాయన ఒక వాక్యం రాశాడు. షెడ్డును తగిన వాతావరణంలోనే పరిశీలించామని. ఆఫీసంతా పగలబడి నవ్వారు.

"నీ నోట్ కాదు ర తమ్మీ, ఆ గేటు మంజూరు చేయించింది," అన్నాడు హెడ్ క్లర్కు. "పోయి గేటుకు శాలువ కప్పి రా."

అందరితో పాటు నవ్వబోయాను. ఆ తడిసిన నలభై కాగితాలు కళ్లలో మెదిలి నవ్వు రాలేదు. భవనం వచ్చింది, అవి రాలేదు. ఆ సాయంత్రం ధైర్యం చేసి షెడ్డుకు పోయాను. ఫైలులోని మొక్క అప్పటికి ఎండి కాగితానికి అంటుకుంది. దాన్ని ఆమె చేతికిచ్చాను.

"మేడమ్, అంత నా వల్లనే అయింది."

"మీ వల్లే. కాదని నేనెందుకంటానండీ?" అన్నారు. మొక్కను అటూ ఇటూ తిప్పి చూశారు. "వేరు తెగకుండా పీకారే. ఎవరు నేర్పారు?"

"ఆ పెద్దసారు."

"చలికాలం సెలవుల్లో ఏం చేస్తుంటారు?"

"ఊరికి పోత మేడమ్."

"ఈసారి నల్లమల రండి."

మూడు చలికాలాలు ఆమె విద్యార్థులతో పాటు నల్లమల పోయాను. మొక్కల్ని అదిమే చెక్కల బరువంతా నేనే మోశాను. మొక్క కనబడితే గడ్డి అనడం మానేశాను. ఆ నలభైలో ముప్పై ఒకటి మళ్లీ దొరికాయి. తొమ్మిది దొరకలేదు. ఆమె పాత డైరీలో రాసుకున్న వాగు దగ్గరికి పోతే కొన్నిచోట్ల ఆ వాగే లేదు. తొమ్మిదికీ ఖాళీ కవర్లు తయారుచేసి, పైన పేరు రాసి, కొత్త భవనంలోని బీరువాలో వాటి వాటి స్థానాల్లో పెట్టారు. ఎప్పుడైనా ఎవరికైనా దొరుకుతాయేమోనని.

చిన్నవాళ్లకు సలహా చెప్పే వయసు వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముగిస్తాను. దూరం కొలిచేటప్పుడు, ఆ దారిన పోవాల్సినవాడితో కలిసి ఒకసారి పోయి రండి. డ్రైవర్‌ను అడగండి. ఇంతకుమించి నాకు తెలిసింది లేదు.

మేడమ్ పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఏదో పెన్షన్ కాగితం పని మీద క్యాంపస్‌కు వెళ్లాను. సీతాఫల్‌మండిలో ఇప్పుడు పట్టాల మీద నుంచి వంతెన ఉంది. మా ఆటో గేటున్న చోటు ఎప్పుడు దాటిందో కూడా తెలియలేదు. పని అయ్యాక హెర్బేరియానికి పోయి, అక్కడ పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయిని ఆ బీరువా తెరవమని అడిగాను. తొమ్మిది కవర్లూ అలాగే ఉన్నాయి. ఎనిమిది ఖాళీ. తొమ్మిదో దానిలో ఒక కాగితం ఉంది.

ఊదా రంగు పోయి గోధుమరంగుకు తిరిగిన చిన్న మొక్క, వేరుతో సహా. కింద మేడమ్ చేతిరాతలో చీటీ. మొక్క పేరు లాటిన్‌లో, కవరు మీద ఉన్న పేరే; ఎప్పుడు పోల్చుకున్నారో నాకు చెప్పలేదు. చోటు, సీతాఫల్‌మండి రైలు గేటు. తేదీ, ఆ వాన పడ్డ రోజుది. సేకరించినవారు అన్న చోట నా పేరు, ఇంటిపేరుతో సహా. చీటీ అంతా ఇంగ్లీషులో రాసి, విశేషాలు అన్న చోట మాత్రం తెలుగులో ఒక ముక్క రాశారు.

"ఈ దారిలో ఈయన ఆగింది ఆ ఒక్కరోజే."

ఆ అమ్మాయి చీటీని, నా చేతిలోని పెన్షన్ కాగితాన్ని మార్చి మార్చి చూసింది.

"సార్, ఇది మీరేనా?"

"నేనేనమ్మా," అన్నాను.